ఖలీఫా ఏనుగు నడచి వెళ్ళిన నగరం

క్రీ.శ. 802వ సంవత్సరం, జూలై 20వ తేదీ. హిజ్రీ లెక్కన అది 186వ సంవత్సరం. ఆ దినాన, నేటి జర్మనీ దేశపు పశ్చిమపు కొసన ఉన్న ఆఖెన్ పట్టణానికి ఒక ఏనుగు చేరుకున్నది. దాని పేరు అబుల్ అబ్బాస్. దానిని పంపినవారు బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్. అందుకున్నవాడు పశ్చిమ ఐరోపాలో అధిక భాగాన్ని ఏలుతున్న ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్. జర్మనులు ఆయనను మహా కార్ల్ అని పిలుచుకుంటారు. ఏనుగును వెంటబెట్టుకొని వచ్చినవాడు ఇస్‌హాఖ్ అనే యూదుడు. ఒక ముస్లిం ఖలీఫా, ఒక క్రైస్తవ చక్రవర్తి, వారిద్దరి నడుమ ఒక యూదు బాటసారి. ఈ ముగ్గురి కథ ఒక్కచోట కలిసిన ఊరు గనుక ఈ నెల ఆఖెన్‌ను గూర్చి వ్రాయ సంకల్పించాం.

హారూన్ అల్ రషీద్ పేరు మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. అలిఫ్ లైలా కథలలో మారువేషం ధరించి రాత్రివేళ బాగ్దాదు వీధులలో తిరిగే ఖలీఫా ఆయనే. కాని కథలోని హారూన్ వేరు, చరిత్రలోని హారూన్ వేరు. ఏనుగు సంగతి కూడా మన ప్రసంగాలలో ఇంచుమించు కథగానే చెలామణి అవుతున్నది. అది తెల్ల ఏనుగనీ, యుద్ధాలలో శత్రువులను తొక్కి చంపిందనీ, దానిని చూచి ఐరోపా అంతా ముస్లిముల ప్రాభవానికి తల వంచిందనీ చెప్పగా వింటుంటాం. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే ఏది నిజమో తెలిసికొనడానికి మనకున్న ప్రధాన ఆధారం ఫ్రాంకుల ఆస్థానంలో ఏటేటా వ్రాసి ఉంచిన వార్షిక వృత్తాంతాలే. ఏనుగు తెల్లనిదని అందులో లేదు. అది యుద్ధం చేసినట్లూ లేదు. అన్నిటికంటె ఆలోచింపదగిన విషయం మరొకటి ఉన్నది. అరబ్బు చరిత్రకారులు ఎవరూ ఈ రాయబారాన్ని పేర్కొనలేదు. హారూన్ పాలనను సంవత్సరాల వారీగా వ్రాసిన తబరీ అంతటివాడు కూడా ఫ్రాంకుల రాయబారులను గురించి ఒక్క మాట వ్రాయలేదు. ఆఖెన్‌కు తరతరాలు చెప్పుకొనదగిన ఘట్టమైనది, బాగ్దాదుకు వ్రాసి పెట్టుకొనదగినంత సంగతి కాలేదన్నమాట.

వృత్తాంతాలు చెప్పేది ఇది. 797వ సంవత్సరంలో షార్లమేన్ బాగ్దాదుకు ముగ్గురిని పంపాడు. లాంట్‌ఫ్రిడ్, సిగిమండ్ అనే ఇద్దరు ఫ్రాంకు ప్రముఖులు, వారితో ఇస్‌హాఖ్. నాలుగేళ్ళ తరువాత ఖలీఫా దూత ఒకరు, నేటి ట్యునీషియా ప్రాంతాన్ని ఏలుతున్న ఇబ్రాహీమ్ ఇబ్నుల్ అగ్లబ్ దూత ఒకరు ఇటలీలో చక్రవర్తిని కలిసి వార్త చెప్పారు. ప్రముఖులిద్దరూ త్రోవలోనే మరణించారు. ఇస్‌హాఖ్ మాత్రం కానుకలతో, ఏనుగుతో ఆఫ్రికా తీరాన నిలిచి ఉన్నాడు. ఏనుగును సముద్రం దాటించడానికి ఓడలు సిద్ధం చేయమని చక్రవర్తి తన లేఖకుని పురమాయించాడు. 801 అక్టోబరులో ఇస్‌హాఖ్ ఇటలీలోని పోర్తోవెనెరె రేవులో దిగాడు. అప్పటికే ఆల్ప్స్ పర్వతాలపై మంచు కురుస్తున్నది. చలికాలమంతా వెర్చెల్లి పట్టణంలో గడిపి, మంచు కరిగాక కొండలు దాటి, మరుసటి వేసవికి ఆఖెన్ చేరాడు. వెళ్ళిననాటి నుండి లెక్కిస్తే అయిదేళ్ళు. ఏనుగుకు ఆ త్రోవలో మేత ఎలా సమకూర్చాడో, కొండ కనుమలను ఎలా దాటించాడో ఎవరూ వ్రాయలేదు. ఆ మావటి ఎవరో కూడా మనకు తెలియదు. రాజుల పేర్లతో నిండిన ఈ కథలో అసలు శ్రమ పడినవారి ఆచూకీ ఇంతే.

ఖలీఫాను ఆ వృత్తాంతాలు పారసీకుల రాజుగా పేర్కొంటాయి. ఆయన బిరుదైన అమీరుల్ మోమినీన్‌ను పేరులో భాగమనుకొని పేరుకు తగిలించి వ్రాశాయి. మన విశ్వాసాన్ని గురించి వారికి తెలిసింది ఎంత తక్కువో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆ మాటకొస్తే, ఆనాడు బాగ్దాదువారికి ఫ్రాంకుల గురించి తెలిసిందీ తక్కువే.

ఏనుగు ఎనిమిదేళ్ళు ఫ్రాంకుల దేశంలో జీవించింది. దానివల్ల జరిగిన మేలు ఒకటి మాకు మిక్కిలి నచ్చింది. ఏనుగుకు కాళ్ళలో కీళ్ళు లేవనీ, అది నేలపై పడుకొనజాలదనీ పాత లాటిన్ గ్రంథాలను నమ్మి ఐరోపా పండితులు వల్లె వేస్తూ వచ్చారు. 825 ప్రాంతంలో డికూయిల్ అనే ఐర్లండు సన్యాసి తన భూగోళ గ్రంథంలో ఆ మాటను ఖండించాడు. హారూన్ పంపిన ఏనుగు ఎద్దు వలె పడుకొనడం ఫ్రాంకుల దేశంలో జనులందరూ చూచారు గదా అన్నాడు. తరాల తరబడి పుస్తకంలో ఉన్నదానిని కన్ను చూచినది తప్పని తేల్చింది. 810లో డేన్ల రాజుపైకి సైన్యాన్ని నడిపిస్తూ షార్లమేన్ రైన్ నదీ తీరాన లిప్పెహామ్ అనే చోట విడిది చేసినప్పుడు ఏనుగు హఠాత్తుగా మరణించింది. దానిని యుద్ధపుటేనుగుగా చిత్రించే కథలన్నీ ఈ ఒక్క సంగతి నుండే పుట్టాయి.

807లో బాగ్దాదు నుండి అబ్దుల్లాహ్ అనే దూత మరొక కానుకల మూటతో ఆఖెన్ వచ్చాడు. రంగురంగుల నార తెరలతో పెద్ద డేరా, పట్టు వస్త్రాలు, అత్తరులు, ఇత్తడి దీపస్తంభాలు రెండు. వీటన్నిటిని మించినది ఒక గడియారం. ఇత్తడితో చేసిన నీటి గడియారం అది. గంట గడచినప్పుడల్లా కంచు గుండ్లు క్రింద అమర్చిన తాళంపై పడి మ్రోగేవి. పన్నెండు గంటలకు పన్నెండు కిటికీలు, పన్నెండుగురు ఆశ్వికులు. గంటలు పూర్తికాగానే ఆశ్వికులు కిటికీలలో నుండి వెలికి వచ్చేవారు, వారి కదలికతో తెరచి ఉన్న కిటికీలు మూసుకొనేవి. వృత్తాంతకారుడు దీనిని వర్ణించి వర్ణించి, ఇంకా ఎన్నో వింతలున్నవి గాని అన్నీ వ్రాయజాలనని విడిచిపెట్టాడు. మా మట్టుకు ఏనుగు కంటె ఈ గడియారమే పెద్ద కానుక. ఏనుగు అడవిలో పుట్టినది, రాజు పంపాడు అంతే. గడియారం వెనుక ఒక సమాజపు చదువు ఉన్నది. అవి బాగ్దాదులో కాగితపు తయారీ మొదలైన రోజులు. గణితం, ఖగోళం, వైద్యం గ్రీకు, పారసీక, భారతీయ భాషల నుండి అరబ్బీలోకి వస్తున్న రోజులు. ఆ గడియారం ఏమైపోయిందో తెలియదు, ఆఖెన్‌లో దాని మేకు కూడా మిగలలేదు.

ఇంతకూ ఈ స్నేహం ఎందుకు కలిగింది? మన వక్తలు దీనిని మత సామరస్యమంటారు. పాశ్చాత్య రచయితలు కొందరు అలాగే అంటారు. కాని ఆనాటి దేశపటాన్ని ముందు పెట్టుకొని చూస్తే మరొక కారణం తోస్తుంది. అబ్బాసీల చేతులలో నుండి తప్పించుకొని పారిపోయిన ఉమవీ రాకుమారుడు అబ్దుర్రహ్మాన్ స్పెయిన్‌లోని కొర్డోవాలో స్వతంత్ర రాజ్యం నెలకొల్పాడు. అది బాగ్దాదుకు కంటిలో నలుసు, ఫ్రాంకులకు పొరుగు శత్రువు. అటు కాన్‌స్టాంటినోపిల్‌లోని క్రైస్తవ సామ్రాజ్యం బాగ్దాదుతో యుద్ధంలో ఉన్నది, షార్లమేన్ చక్రవర్తి బిరుదును అంగీకరించక ఆయనతోనూ పోరులో ఉన్నది. అంటే ఒక ముస్లిం రాజ్యానికి, ఒక క్రైస్తవ రాజ్యానికి ఎదురుగా మరొక ముస్లిం పాలకుడు, మరొక క్రైస్తవ పాలకుడు చేయి కలిపారు. అంతకు పూర్వం 777లో బార్సిలోనా ముస్లిం అధికారి సులైమాన్ తానే వెళ్ళి షార్లమేన్‌ను స్పెయిన్ మీదికి ఆహ్వానించాడు. మరుసటి సంవత్సరం చక్రవర్తి సరగోసా వరకు వెళ్ళాడు గాని కోట తలుపులు తెరుచుకోలేదు. తిరిగి వస్తుండగా పిరనీస్ కనుమలో ఆయన వెనుక దళాన్ని నాశనం చేసినవారు బాస్క్ కొండజాతివారు. మూడు వందల ఏళ్ళ తరువాత ఫ్రెంచి గాథలు ఆ పనిని ముస్లిములకు అంటగట్టాయి. ఇరువైపులా కథలు చరిత్రను మింగడానికి ఇది మంచి ఉదాహరణ.

షార్లమేన్‌ను గురించి మరొక మాట చెప్పకపోతే చిత్రం పూర్తికాదు. ఆయన సాక్సన్ జాతివారిని ముప్పది సంవత్సరాలు యుద్ధాలతో వేధించి బలవంతంగా క్రైస్తవంలోకి మార్చాడు. 782లో వెర్డెన్ వద్ద ఒక్క దినాన 4500 మందిని వధించినట్లు ఆయన ఆస్థాన వృత్తాంతాలే చెబుతున్నాయి. జ్ఞానస్నానాన్ని తిరస్కరించినవారికి మరణదండన అని చట్టం చేశాడు. ఆయన ఆస్థాన విద్వాంసుడైన ఆల్కుయిన్ దీనిని మెచ్చలేదు. విశ్వాసం మనసున కలగవలసినదే గాని నిర్బంధంతో వచ్చేది కాదని రాజుకు తెలియజెప్పాడు. ఆ మాట అనగలిగిన పండితుడు ఉండడం, దానిని విన్న తరువాత కూడా ఆ రాజు ఆయనను గౌరవించడం, రెండూ గమనింపదగినవే. ఆయన చరిత్ర వ్రాసిన ఐన్‌హార్డ్ మరొక ముచ్చట చెబుతాడు. చక్రవర్తి పెద్ద వయసులో వ్రాత నేర్చుకొనబోయాడట. పలకలను తలగడ క్రింద ఉంచుకొని నిద్ర పట్టని రాత్రులలో అక్షరాలు దిద్దేవాడట. ఆలస్యంగా మొదలుపెట్టినందున చేయి తిరగలేదట. తనకు రాకపోయినా మఠాలలో బడులు పెట్టించాడు. వ్రాతప్రతులకు ఆ కాలంలో రూపొందిన స్పష్టమైన లిపి నుండే నేటి లాటిన్ చిన్న అక్షరాలు దిగివచ్చాయి.

ఇక ఊరి సంగతి. ఆఖెన్ అన్న పేరుకు మూలం నీరు. భూమిలో నుండి గంధకపు వాసనతో వేడినీరు ఉబికి వచ్చే చోటు అది. రోమన్లు అక్కడ స్నానశాలలు కట్టి తమ భాషలో గ్రాన్నుస్ జలాలు అని పిలిచారు. గ్రాన్నుస్ అన్నది స్థానికుల ఒక దేవత పేరు. ఊటలలో కొన్ని 70 డిగ్రీలు దాటిన వేడితో వస్తాయి. షార్లమేన్ ఈ ఊరిని ఎన్నుకొనడానికి ఈ నీరే కారణమని ఐన్‌హార్డ్ అంటాడు. ఈతలో ఆయనకు సాటి లేరట. కుమారులతోనే గాక ప్రముఖులతో, అంగరక్షకులతో కలిసి ఒక్కొక్కసారి నూరుమందికి పైగా ఆ కొలనులో దిగేవారట. నేడు నగరం నడుమ ఎలీజెన్‌బ్రున్నెన్ అనే స్తంభాల మండపం ఉన్నది. 1827లో పూర్తయిన ఈ కట్టడంలో వేడినీరు ధారగా పడుతుంటుంది. కుళ్ళిన గ్రుడ్డు వాసన రావడంతో బాటసారులు ముక్కు మూసుకొంటారు. ఒకనాడు ఐరోపా రాజకుటుంబాలవారు ఆ నీటినే గ్లాసుల కొద్దీ త్రాగేందుకు బండ్లు కట్టుకొని వచ్చేవారు.

నగరానికి తలమానికం ప్రధాన చర్చి. దాని నడిబొడ్డున ఉన్నది షార్లమేన్ 800 ప్రాంతంలో కట్టించిన అష్టభుజ మందిరం. ఎనిమిది కోణాల కట్టడమనగానే మనకు జెరూసలేములోని ఖుబ్బతుస్సఖ్రా స్ఫురిస్తుంది. అది ఇంతకు నూరేళ్ళు ముందరిది. ఒకటి చూచి ఇంకొకటి కట్టారని అనడానికి ఆధారం లేదు. రెండూ రోమను తూర్పు సామ్రాజ్యపు నిర్మాణకళ నుండి నేర్చుకొన్నవే. ఆఖెన్ శిల్పులు ఇటలీలోని రావెన్నాలో ఉన్న ఒక చర్చిని మాదిరిగా తీసుకొన్నారని పండితుల అభిప్రాయం. పాలరాతి స్తంభాలను రోమ్, రావెన్నాల నుండి బండ్లలో, పడవలలో తెప్పించారు. ముప్పది మీటర్లు మించిన ఆ గుమ్మటం వంటిది ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన చిరకాలం మరొకటి లేదు. కంచు తలుపులు ఆ ఊరిలోనే పోతపోసినవి, పన్నెండు వందల ఏళ్ళుగా పనిచేస్తున్నాయి. లోపల మెరిసే బంగారు రంగు గాజుముక్కల చిత్రాలు మాత్రం 19వ శతాబ్దం నుండి క్రొత్తగా అతికించినవి. యాత్రికులలో చాలామంది వాటినే షార్లమేన్ కాలానివనుకొని ఆశ్చర్యపడుతుంటారు.

పై అంతస్తులో ఒక సింహాసనం ఉన్నది. రత్నాలు లేవు, బంగారం లేదు. నాలుగు పాలరాతి పలకలను కంచు పట్టీలతో బిగించి, ఆరు మెట్లపైన నిలిపారు, అంతే. జెరూసలేము నుండి తెచ్చిన రాళ్ళని క్రైస్తవుల నమ్మకం. ఒక పలక ప్రక్కన ఎవరో గీసిన గీతలు కనిపిస్తాయి. ఒక చదరంలో ఒకటి మూడు చదరాలు, వాటిని కలుపుతూ అడ్డగీతలు. మన పల్లెలలో అరుగుల మీద సుద్దతో గీసి చింతపిక్కలతో ఆడుకొనే దాడి ఆట గీతలే అవి! సింహాసనం కాక పూర్వం ఆ రాయి ఏ నేలపై పరచి ఉండగానో, పనిలేని జనం ఎవరో ప్రొద్దుపోక ఆడుకొన్నారు. ఆ తరువాత దాని మీద రాజులు కూర్చున్నారు. 936లో మొదటి ఒట్టో మొదలు 1531లో మొదటి ఫెర్డినాండ్ వరకు, ఆరు వందల ఏళ్ళలో ముప్పది పైచిలుకు జర్మన్ రాజులకు ఆఖెన్‌లోనే పట్టాభిషేకం జరిగింది. 1562 నుండి ఆ వేడుక ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలిపోయింది. షార్లమేన్ అస్థికలను బంగారు పేటికలో ఉంచి, 1215లో రెండవ ఫ్రెడరిక్ స్వయంగా మేకు కొట్టి మూశాడు. తరువాతి రోజులలో ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో యుద్ధం లేకుండానే సంధి చేసుకొన్న రాజు ఈయనే. తన సిసిలీ ఆస్థానంలో ముస్లిం విద్వాంసులను ఆదరించినవాడు. పోపుగారు ఆయనను బహిష్కరించడానికి కారణాలు చాలా ఉన్నాయి, అది వేరే కథ.

చర్చి లోపల మన పాఠకులు తప్పక తెలిసికొనదగిన వస్తువు మరొకటి ఉన్నది. రెండవ హెన్రీ 11వ శతాబ్దపు ఆరంభంలో బహూకరించిన ప్రసంగ వేదిక అది, మన మింబర్ వంటిది. బంగారు పూత రాగి రేకులు తాపిన దాని ముఖభాగంలో పొదిగిన వస్తువులను చూడాలి. అలెగ్జాండ్రియా పనితనంగా చెప్పే దంతపు పలకలు, స్ఫటికపు గిన్నె, దాని పళ్ళెం, రంగురాళ్ళతో చేసిన చదరంగపు పావులు. స్ఫటికపు గిన్నె, పళ్ళెం ముస్లిం దేశాల శిల్పులు చెక్కినవని కళా చరిత్రకారులు చెబుతారు. మన దేశాన చతురంగంగా పుట్టి, పారసీకుల చేతులు దాటి, అరబ్బుల షత్రంజ్‌గా ఐరోపా చేరిన ఆట పావులు ఒక చర్చి వేదికపై అలంకారాలుగా నిలిచిపోయాయి. వాటిని పొదిగినవారికి అవి ఏ దేశపువో, దేనికి వాడతారో తెలుసునో లేదో. అందంగా ఉన్నవి, దూరం నుండి వచ్చినవి, అదే చాలుననుకొన్నారు కాబోలు. షార్లమేన్ అస్థికలను చుట్టి ఉంచిన వస్త్రాలలో ఒకటి ఏనుగు బొమ్మలు నేసిన పట్టు. అది 1000 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపిల్ మగ్గాలపై నేసినది. అబుల్ అబ్బాస్‌ను తలచుకొనే దానిని ఎంచారని చెప్పాలని మనసుకు ఉంటుంది గాని, అలా వ్రాసినవారు లేరు.

1166లో బార్బరోసా చక్రవర్తి ఆఖెన్‌కు నగర హక్కులు ప్రసాదించాడు. తరువాత అది ఏ ప్రభువుకూ లోబడక నేరుగా చక్రవర్తికే జవాబుదారీ అయిన స్వతంత్ర సామ్రాజ్య నగరమైంది. షార్లమేన్ సభామందిరపు పునాదుల మీదనే 14వ శతాబ్దంలో పౌరులు తమ నగర సభాభవనాన్ని లేపారు. ఆనాటి గ్రానుస్ బురుజు ఆ భవనపు ప్రక్కన నేటికీ ఉన్నది. 1349 నుండి ఏడేళ్ళకొకసారి క్రైస్తవ యాత్రికులు లక్షలాదిగా వచ్చే ఆనవాయితీ ఉన్నది. 1414లో ఆ యాత్రికుల కొరకు చర్చికి ఒక కొత్త భాగం చేర్చారు. గోడలకు బదులు ఇరవై అయిదు మీటర్లు మించిన ఎత్తు కిటికీలు కలిగిన ఆ భాగాన్ని గాజు ఇల్లు అంటారు. 1656 నాటి అగ్నిప్రమాదం నగరంలో అత్యధిక భాగాన్ని బూడిద చేసింది.

రాజులు వెళ్ళిపోయాక ఊరిని పోషించినవి వేడినీరు, ఉన్ని బట్టలు, సూదులు. అవును, కుట్టుసూదులే. తయారైన సూదులను గుట్టగా పోసి, వంకర పోయినవాటిని పిల్లలు, ఆడవాళ్ళు చిటికెన వ్రేలితో ఏరివేసేవారు. అందుకే దూరదేశంలో ఆఖెన్‌వారు ఒకరినొకరు కలిసినప్పుడు నేటికీ చిటికెన వ్రేలు పైకెత్తి పలకరించుకొంటారు. ఎత్తిన వ్రేలిని విగ్రహంగా కూడా నిలిపారు. చక్రవర్తుల నగరం తన గుర్తుగా కార్మికుల చిటికెన వ్రేలిని ఎంచుకొన్నది. మాకు ఇది ఎంతో నచ్చింది.

ఆఖెన్‌కు మన ప్రాంతంతో ఒక లంకె ఉన్నది. దానిని మన పాఠ్యపుస్తకాలలో ఫ్రెంచి పేరున ఏక్స్-లా-షపెల్ సంధి అని చదువుకొన్నాం. చదివినప్పుడు అది ఏ దేశపు ఊరో అడిగినవారు తక్కువ. ఐరోపాలో ఆస్ట్రియా సింహాసనం కొరకు మొదలైన యుద్ధం సముద్రాలు దాటి మన తీరానికి వచ్చింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును ఆంగ్లేయుల నుండి లాగుకొన్నారు. అది ఆర్కాటు నవాబు ఏలుబడిలోని నేల. నవాబు అన్వరుద్దీన్ ఖాన్ తన కుమారుడు మహఫూజ్ ఖాన్ వెంట పెద్ద సైన్యాన్ని పంపగా, అడయారు నది వద్ద కొద్దిపాటి ఫ్రెంచి దళం దానిని చెదరగొట్టింది. క్రమశిక్షణ గల చిన్న దళం దేశీయ మహాసైన్యాలను ఓడించగలదని ఐరోపావారికి తేటపడింది అక్కడే. 1748 అక్టోబరు 18న ఆఖెన్‌లో సంధిపత్రంపై సంతకాలు పడ్డాయి. కెనడాలోని లూయిబోర్గ్ కోట ఫ్రెంచివారికి, మద్రాసు ఆంగ్లేయులకు. తెలుగు, తమిళ వర్తకులు, నేతగాళ్ళు, దుబాసీలు వేల సంఖ్యలో నివసించే నగరాన్ని ఎక్కడో మంచుదేశపు కోటకు మారుగా ఇచ్చిపుచ్చుకొన్నారు. ఆ సంధి బల్ల దగ్గర నవాబు తరఫు మనిషి లేడు.

ఐరోపాలో సంధి కుదిరింది గాని దక్కనులో శాంతి రాలేదు. అదే సంవత్సరం జూన్‌లో నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా కన్నుమూశారు. వారసత్వపు కలహంలో ఫ్రెంచివారు ఒక ప్రక్క, ఆంగ్లేయులు ఒక ప్రక్క చేరారు. 1749లో ఆంబూరు యుద్ధంలో అన్వరుద్దీన్ హతుడయ్యాడు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్ ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు కోల్పోయారు. చివరకు గద్దె ఎక్కిన సలాబత్ జంగ్ 1753లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యపు ఖర్చులకు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను వ్రాసి ఇచ్చాడు. తీరాంధ్రపు పన్ను పరదేశపు సైనికుల జీతాలకు పోయింది. హారూన్ కాలంలో ఆఖెన్‌కు కానుకలు పంపగలిగిన స్థితికీ, మన ఊళ్ళ భవితవ్యం ఆఖెన్‌లో మనము లేకుండా తేలిపోయిన స్థితికీ నడుమ తొమ్మిది వందల యాభై ఏళ్ళ దూరం. ఆ మధ్యకాలంలో ఏమి జరిగిందో చెప్పుకొనడానికి ఒక వ్యాసం చాలదు. కాని అన్నదమ్ముల తగవులో పరాయివాని సైన్యాన్ని ఇంటికి పిలిచిన వారిని, బార్సిలోనా సులైమాన్‌ను ఒక్కచోట ఉంచి చూడడం అవసరమని తోస్తుంది.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పుకొందాం. 1794లో ఫ్రెంచి విప్లవ సైన్యాలు నగరాన్ని పట్టుకొని చర్చి స్తంభాలను ఊడబీకి పారిస్‌కు తరలించాయి. చాలామటుకు తిరిగి వచ్చాయి గాని కొన్ని లూవ్ర్ మ్యూజియంలోనే ఉండిపోయాయి. 1815లో నగరం ప్రష్యా పాలైంది. రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రసేనలు మొట్టమొదట స్వాధీనం చేసికొన్న పెద్ద జర్మన్ నగరం ఆఖెన్, 1944 అక్టోబరు 21న. బాంబులకు ఊరు శిథిలమైంది. అష్టభుజ మందిరం మాత్రం నిలిచింది. ఇంకా మీసాలు రాని యువకులు కొందరు ఆ పైకప్పు మీద కాపలా ఉండి, నిప్పు పడిన చోటల్లా ఆర్పుతూ దానిని కాపాడారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వపు మొదటి పన్నెండు స్థలాలలో దీనిని చేర్చింది. జర్మనీలో అదే మొదటిది.

అయితే నగరంలోని మరొక ప్రార్థనాలయానికి ఆ కాపలా దొరకలేదు. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు ఆఖెన్ యూదుల సినగాగుకు నిప్పు పెట్టారు. అంతకు కొన్నేళ్ళ ముందు, ఫ్రాంక్‌ఫర్ట్ విడిచిన అన్నె ఫ్రాంక్ అనే నాలుగేళ్ళ పాప ఆమ్‌స్టర్‌డాంకు పోయేముందు తన అమ్మమ్మ వద్ద ఉన్నది ఈ నగరంలోనే. యుద్ధానంతరం ఆమె డైరీని లోకమంతా చదివింది. కాలిన సినగాగు ఉన్నచోటనే 1995లో కొత్తది కట్టారు. ఇద్దరు పాలకుల మధ్య స్నేహ సందేశాన్ని మోసుకొని, అయిదేళ్ళు నడచి, ప్రాణాలతో తిరిగి వచ్చిన ఇస్‌హాఖ్ జాతివారిని వెయ్యేళ్ళ తరువాత ఆ నగరం ఏమి చేసిందో తలచుకొంటే మనసు బరువెక్కుతుంది.

నేటి ఆఖెన్ రెండున్నర లక్షల జనాభా గల విద్యానగరం. జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ మూడు దేశాల సరిహద్దులు కలిసే చోటు ఊరి అంచుననే ఉన్నది. 1870లో మొదలైన సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివేందుకు మన దేశం నుండి ఎందరో వెళ్తున్నారు. తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా అందులో ఉన్నారు. విశ్వవిద్యాలయానికి చేరువలోనే బిలాల్ మస్జిద్ ఉన్నది. 1960ల దశకంలో వివిధ దేశాల ముస్లిం విద్యార్థుల చొరవతో అది ఏర్పడింది. పనుల కొరకు వచ్చి స్థిరపడిన టర్కీ, మొరాకో కుటుంబాలు నగరంలో గణనీయంగా ఉన్నందున హలాల్ మాంసానికి ఇబ్బంది లేదు. ప్రింటెన్ అనే మసాలా రొట్టెబిస్కట్టు ఆ ఊరి ప్రత్యేకత. కొనేముందు పొట్లంపై దినుసుల పట్టిక చదువుకొనడం మేలు.

వెళ్ళే పిల్లలకు తల్లిదండ్రులు ముందుగా చెప్పవలసినది నమాజు వేళలను గురించి. ఆఖెన్ మనకంటె చాలా ఉత్తరాన ఉన్నది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే మగ్రిబ్ వేళ అవుతుంది, తరగతిలో ఉండగానే అస్ర్ గడచిపోతుంది. జూన్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి పదింటికి కాస్త ముందు. ఆ రోజులలో పడమటి వెలుగు రాత్రంతా పూర్తిగా ఆరిపోదు గనుక ఇషా, ఫజ్ర్ వేళలను అక్కడి ఉలమా అంచనాతో నిర్ణయించి పట్టిక వేస్తారు. ఫోనులోని యాప్‌లు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళ చూపుతాయి. చేరిన మొదటి వారంలోనే మస్జిదుకు వెళ్ళి ఆ పట్టికను తెచ్చుకొని గదిలో గోడకు అంటించుకోమని చెప్పండి.